యూదుని ఇంటిలో యెరూషలేము



కీర్తనల గ్రంథములో 120 మొదలు 134 వరకు ఉన్న పదునైదు కీర్తనల పైన "యాత్రకీర్తన" అని వ్రాసియుండుట మీరు చూచియుందురు. పల్లెలనుండి యెరూషలేమునకు ఎక్కి వెళ్ళువారి పాటలవి. మన సంఘములలో వాటిని ఎంతో ప్రీతితో చదువుదుము. ఆదివారపు ఆరాధనలోను, గృహకూడికలలోను, చావు జరిగిన ఇంట ఆదరణ కూడికలోను యెరూషలేము పేరు మన నోట వచ్చుచునే యుండును. అయితే ఆ పేరు పలికినప్పుడు మన తలంపు ఎక్కడికి పోవుచున్నది? చాలమందికి నేరుగా పరలోకమునకే. ప్రకటన 21వ అధ్యాయములోని ముత్యపు గుమ్మములు, బంగారు వీధి కనబడును. మరికొందరికి కడవరి దినముల ప్రవచనములు, యుద్ధవార్తలు జ్ఞాపకము వచ్చును. సంతతోను, బావులతోను, ఇరుకు సందులతోను నేలమీద నిలిచియున్న ఊరు మాత్రము మన కన్నులకు అరుదుగా కనబడును.

యూదులకు అట్లు కాదు. వారి ధర్మశాస్త్ర విధులు, అనుదిన ప్రార్థనలు, వారి బోధకులైన రబ్బీలు వాక్యమునకు చెప్పిన వ్యాఖ్యానములు చూచినయెడల నేలమీది ఊరే ముందుగా ఎదురగును. ఈ విధులలో ఎక్కువ భాగము మిష్నా అను గ్రంథములో ఉన్నవి. దానిని క్రీ.శ. 200 ప్రాంతములో రబ్బీ యూదా హనాసీ కూర్చెను. ఆ మిష్నా మీద తరువాతి మూడు నాలుగు వందల సంవత్సరములు జరిగిన చర్చలే తల్మూదు. మన ప్రభువు చదివిన లేఖనములనే ఆ జనము ఎట్లు చదువుచు వచ్చెనో తెలిసికొనుట మనకు మేలు. ఎందుకనగా వారినిగూర్చి మనము ప్రసంగములలో చెప్పునది ఎక్కువ, వారి నోట విన్నది తక్కువ.

ఎవరి వంతులోను పడని ఊరు

మొదట ఒక సంగతి గమనించుడి. మోషే ఐదు పుస్తకములలో యెరూషలేము అను పేరు ఒక్కసారియైనను లేదు. ద్వితీయోపదేశకాండము 12వ అధ్యాయములో దేవుడు ఏర్పరచుకొను స్థలమని మాత్రమే మరల మరల చెప్పబడినది. పేరు ఎందుకు చెప్పలేదు? పండ్రెండవ శతాబ్దపు గొప్ప యూదా పండితుడు మైమోనిదీసు దీనికి మూడు కారణములు చెప్పెను. పేరు ముందే తెలిసినయెడల అన్యజనులు ఆ స్థలమును పట్టుకొనుటకు పోరాడుదురు. దానిని ఏలుచున్నవారు ఇశ్రాయేలీయులకు దక్కకుండునట్లు పాడుచేయుదురు. మూడవ కారణమే అన్నిటికంటె బలమైనదని ఆయన అభిప్రాయము: ప్రతి గోత్రమువారును ఆ స్థలము తమ వంతులోనే ఉండవలెనని తగవు పడుదురు. పొలము గట్టు కొరకు అన్నదమ్ములు కోర్టు మెట్లెక్కుట చూచిన మనకు ఈ మూడవ కారణము వేరుగా విప్పి చెప్పనక్కరలేదు.

దేవాలయము కట్టిన చోటు అంతకుముందు ఒక కళ్ళము. యెబూసీయుడైన అరౌనా ధాన్యము నూర్చుకొను కళ్ళము. దావీదు దానిని వెల యిచ్చి కొనెను. సమూయేలు రెండవ గ్రంథము 24:24లో ఆ వెల 50 తులముల వెండి. దినవృత్తాంతములు మొదటి గ్రంథము 21:25లో 600 తులముల బంగారము. ఈ రెండు లెక్కలు ఎట్లు కుదురునని మన వేదపాఠశాలలలో విద్యార్థులు అడుగుచుందురు. రబ్బీలు చెప్పిన జవాబు వినుడి: దావీదు పండ్రెండు గోత్రములలో ఒక్కొక్క దానియొద్ద 50 చొప్పున వసూలుచేసెను, పండ్రెండు ఏబదులు ఆరువందలు. చరిత్రలో అట్లే జరిగినదని మనము పట్టుబట్టనక్కరలేదు. ఆ లెక్కలో వారు చూచినదేమో గ్రహించినయెడల చాలును. ఆ కళ్ళములో అందరి సొమ్మును ఉన్నది.

ఆ తలంపునుండి ఒక విధి పుట్టినది. యెరూషలేములో పండుగకు వచ్చిన యాత్రికులకు ఇండ్లు అద్దెకు ఇయ్యకూడదు. ఊరు గోత్రములకు పంచబడలేదు గనుక ఇల్లుగలవాడు ఆ నేలకు యజమానుడు కాడని రబ్బీలలో ఒక పక్షమువారి తీర్పు. అట్లు కాదు, ఊరు యూదా బెన్యామీను గోత్రముల వంతులలో ఉన్నదని వాదించిన పక్షము కూడ కలదు. ఏమైనను, అతిథి వెళ్ళిపోవునప్పుడు తాను బలి అర్పించిన పశువు చర్మమును ఇంటివారికి విడిచిపెట్టి పోవుట మర్యాద. లూకా 22:11లో ప్రభువు శిష్యులు ఒక ఇంటి యజమానుని విడిది గది ఎక్కడ అని అడిగిన సంగతి చదువునప్పుడు ఈ ఆచారము జ్ఞాపకముంచుకొనుడి. అక్కడ అద్దె మాట లేదు. పండుగలలో ఊరు ఎంత కిక్కిరిసినను, పండుకొనుటకు చోటు చాలలేదని యెరూషలేములో ఎవరును ఎన్నడును అనలేదట. దీనిని మిష్నా దేవుడు చేసిన పది అద్భుతములలో ఒకటిగా లెక్కించినది!

రైతు గంప

యెరూషలేమునుగూర్చిన విధులలో సగము వ్యవసాయపు విధులే. ఏడేండ్లలో మొదటి, రెండవ, నాలుగవ, అయిదవ సంవత్సరములలో రైతు తన పంటలో రెండవ దశమభాగమును ప్రత్యేకించి యెరూషలేమునకు తీసికొని పోవలెను. అది లేవీయునికి ఇచ్చునది కాదు. తానును తన ఇంటివారును ఆ ఊరిలో కూర్చుండి తినవలసినది. దారి దూరమైనయెడల పంటను వెండికి మార్చి, ఆ వెండిని చేత పట్టుకొని పోయి, అక్కడ ఎద్దులో గొఱ్ఱెలో మరేమి కావలెనో కొని సంతోషింపవలెనని ద్వితీయోపదేశకాండము 14:22-27లో ఉన్నది. మూడవ, ఆరవ సంవత్సరములలో ఆ భాగము బీదలది. దశమభాగమనగానే సంఘపు పెట్టె మాత్రమే మనకు తోచును గాని, కుటుంబమంతయు దేవుని సన్నిధిలో కూర్చుండి భోజనము చేయుట కూడ దశమభాగమే అయిన కాలమొకటి ఉండెను.

ప్రథమ ఫలముల సంగతి అంతకంటె అందమైనది. మిష్నాలో దీనికొక భాగమే ఉన్నది. రైతు తన పొలములోనికి దిగి, మొదట పండబారిన అంజూరపు కాయను గాని, ద్రాక్షగుత్తిని గాని, దానిమ్మను గాని చూచి, దానికి ఒక నార కట్టి ఇది ప్రథమ ఫలమని చెప్పును. చెట్టుననుండగానే గుర్తు పెట్టుట! తరువాత ఆ ప్రాంతపు ఊళ్ళవారందరు ఒక పెద్ద ఊరిలో కూడుకొందురు. ఇండ్లలోనికి పోక ఊరి మధ్య బయలులో ఆ రాత్రి పండుకొందురు. వేకువను పెద్ద లేపగా బయలుదేరుదురు. ముందు ఒక ఎద్దు నడచును. దాని కొమ్ములకు బంగారు పూత, తలమీద ఒలీవ ఆకుల దండ. పిల్లనగ్రోవి ఊదుచు నడచెదరు. దగ్గరివారు పచ్చి అంజూరములు, ద్రాక్షలు తెచ్చెదరు. దూరపువారు ఎండబెట్టినవి తెచ్చెదరు. పట్టణము దగ్గరకు రాగానే కబురు పంపి, గంపలను అలంకరించుకొందురు. దేవాలయపు పెద్దలు ఎదురు వచ్చెదరు. వీధులలోని పనివారందరు, కమ్మరులు, వడ్రంగులు, చేతి పని ఆపి లేచి నిలువబడి, ఫలానా ఊరి సహోదరులారా అని పిలిచి క్షేమమడిగెదరు. పండితుడు ఎదుట నడచిపోయినను పనిలో ఉన్నవాడు లేవనక్కరలేదని విధి. గంప మోసికొని వచ్చిన రైతుకు మాత్రము లేవవలెను.

దేవాలయపు కొండ చేరగానే అగ్రిప్ప రాజైనను తన గంపను తన భుజముమీద పెట్టుకొని ఆవరణము వరకు నడచుచుండెను. ధనవంతులు వెండి బంగారముల పూతగల గంపలు తెచ్చుచుండిరి. బీదలు తొక్క తీసిన నిరవంజి కొమ్మల బుట్టలు తెచ్చుచుండిరి. అప్పుడు తెచ్చినవాడు ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయములోని మాటలు హెబ్రీ భాషలో పలుకవలెను. తన పితరుడు నిలువ నీడలేక తిరిగినవాడనియు, ఐగుప్తులో దాసులైయుండగా దేవుడు విడిపించెననియు, ఇదిగో ఆయన ఇచ్చిన భూమి ఫలము తెచ్చితిననియు చెప్పవలెను. మొదట చదువ వచ్చినవారు తామే చదువుచుండిరి, రానివారికి ఒకరు మాట వెంబడి మాట అందించుచుండిరి. కొంతకాలమునకు ఏమైనదనగా, చదువు రానివారు నలుగురిలో సిగ్గుపడి ప్రథమ ఫలములు తెచ్చుటయే మానిరి. పెద్దలు అది చూచి, చదువు వచ్చినవానికిని రానివానికిని భేదము లేకుండ అందరికిని అందించవలెనని కట్టడ చేసిరి.

మిష్నాలోని ఆ భాగమంతటిలో నాకు అన్నిటికంటె ఇష్టమైన విధి ఇదియే. ఉత్తర ప్రత్యుత్తర పఠనములో పుస్తకము తెరచి పట్టుకొని పెదవులు మాత్రము కదపు వృద్ధులను మన పల్లె సంఘములలో చూడని సేవకుడుండడు. కోతపండుగకు ధాన్యపు మూట తెచ్చి, పేరు చదివినప్పుడు ముందుకు రాలేక గుమ్మమునొద్దనే నిలిచిపోవువారిని కూడ మనము ఎరుగుదుము.

గుడి కూలిన తరువాత

క్రీ.శ. 70లో రోమా సేనాపతి తీతు పట్టణమును పట్టుకొనగా దేవాలయము కాలిపోయెను. క్రీ.పూ. 586లో బబులోనువారు కాల్చిన మొదటి దేవాలయమును, ఈ రెండవదియు ఒకే తేదీన, ఆబు నెల తొమ్మిదవ దినమున నశించినవని యూదులు ఎంచుదురు. నేటికిని ఆ దినమున ఉపవాసముండి, నేలమీద కూర్చుండి విలాపవాక్యములు చదువుదురు. 132-135 సంవత్సరముల తిరుగుబాటు తరువాత హద్రియాను చక్రవర్తి ఆ ఊరి పేరు సహా మార్చి, యూదులు అడుగుపెట్టకూడదని ఆజ్ఞ చేసెను. ప్రభుత్వము క్రైస్తవుల చేతికి వచ్చిన తరువాత వారి స్థితి మారినదా? 333లో ఫ్రాన్సు దేశపు బోర్డో నుండి వచ్చిన ఒక క్రైస్తవ యాత్రికుడు వ్రాసిన ప్రకారము, యూదులు ఏటేట వచ్చి అక్కడి ఒక రాతికి నూనె పూసి, బట్టలు చింపుకొని ఏడ్చి వెళ్ళిపోవుచుండిరి. మన సంఘచరిత్రలో ఈ పుటను తిప్పివేయక చదువుట న్యాయము.

బలిపీఠము లేదు, ఊరిలోనికి దారి లేదు. మిగిలినది ప్రార్థన, ఇల్లు. యెరూషలేమును ఆ రెంటిలో భద్రపరచుకొనిరి.

సొలొమోను దేవాలయ ప్రతిష్ఠ ప్రార్థనలో, దూరదేశమున ఉన్నవారు ఈ పట్టణపు తట్టు తిరిగి ప్రార్థించినయెడల వినుమని వేడుకొనెను (1 రాజులు 8:44-48). దానియేలు కిటికీలు యెరూషలేము తట్టు తెరచియుండెను (దానియేలు 6:10). దీనినే రబ్బీలు విధిగా చేసిరి. పరదేశమున ఉన్నవాడు వాగ్దాన దేశము తట్టు, ఆ దేశములో ఉన్నవాడు యెరూషలేము తట్టు, యెరూషలేములో ఉన్నవాడు దేవాలయపు తట్టు తిరుగవలెను. గాడిదనెక్కి పోవుచున్నవాడు దిగవలెను. దిగుటకు వీలులేనియెడల ముఖము త్రిప్పవలెను. అదియును కానియెడల హృదయమును అతిపరిశుద్ధ స్థలము వైపు త్రిప్పవలెను. దిక్కు తెలియని గ్రుడ్డివాడు పరలోకపు తండ్రి వైపు మనస్సు నిలిపిన చాలును. ఈ విధముగా ఐరోపాలోని యూదులు తూర్పు తట్టు తిరుగుదురు. మన దేశములో కొచ్చిన్‌లోని మట్టాంచెర్రిలో 1568లో కట్టబడిన సమాజమందిరములో లేఖనముల బీరువా పడమటి గోడకున్నది. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కూడ బెనె ఎఫ్రాయిము అను పేరుతో కొన్ని తెలుగు కుటుంబములు తాము ఎఫ్రాయిము గోత్రపువారమని చెప్పుకొని, యూదుల ప్రార్థనలు నేర్చుకొని, సమాజమందిరము కట్టుకొనియున్నవి. వారి చూపును పడమటికే.

దినమునకు మూడుసార్లు చేయు నిలువు ప్రార్థనలో యెరూషలేము మరల కట్టబడవలెనని ఒక మనవి కలదు. రొట్టె తిన్న ప్రతి భోజనము తరువాత చెప్పు కృతజ్ఞతాస్తుతిలో మొదటి భాగము ఆహారము కొరకు, రెండవది దేశము కొరకు, మూడవది యెరూషలేము కొరకు. కడుపు నిండిన వెంటనే కూలిన ఊరిని తలంచుకొనుట! పెండ్లిలో వరుడు గాజుపాత్రను కాలితో పగులగొట్టుటకు నేడు చెప్పు అర్థము కూడ ఆ నాశనపు జ్ఞాపకమే.

అన్నిటికంటె నాకు ఆశ్చర్యము కలిగించిన విధి ఇంటి గోడది. యూదుడు ఇల్లు కట్టుకొని సున్నము వేసికొనవచ్చును. అయితే గుమ్మమునకు ఎదురుగా మూరెడు పొడవు మూరెడు వెడల్పు గోడను మాత్రము పూత పూయక విడిచిపెట్టవలెను. స్త్రీ నగలన్నియు పెట్టుకొనవచ్చును గాని ఒకటి తక్కువ పెట్టుకొనవలెను. విందుకు అన్నియు వండవచ్చును గాని చిన్న వంటకమొకటి తగ్గించవలెను.

ఎందుకింత కొద్దిగా? దీని వెనుక ఒక కథ ఉన్నది. దేవాలయము కూలిన తరువాత చాలమంది మాంసము, ద్రాక్షారసము మానివేసిరి. రబ్బీ యెహోషువ వారియొద్దకు పోయి కారణమడిగెను. బలిపీఠముమీద అర్పించిన మాంసమును మేము తినుటయా, పానార్పణము పోసిన ద్రాక్షారసమును త్రాగుటయా అని వారనిరి. అట్లయితే రొట్టెయు తినకుడి, నైవేద్యములు కూడ నిలిచిపోయినవి గదా అనెను. పండ్లు తిని బ్రతికెదమనిరి. ప్రథమ ఫలములు కూడ నిలిచిపోయినవి గదా అనెను. ఆ జాతులు కాక వేరే పండ్లు తిందుమనిరి. నీళ్ళు మాత్రము ఎట్లు త్రాగుదురు, పర్ణశాలల పండుగలో బలిపీఠముమీద నీళ్ళు పోయుటయు నిలిచిపోయినది గదా అనెను. వారు నోరెత్తలేదు. అప్పుడాయన, అసలు దుఃఖింపకుండుట తగదు, మితిమీరి దుఃఖించుటయు తగదు, జనులలో ఎక్కువమంది మోయలేని విధిని వారిమీద పెట్టకూడదని చెప్పి, ఈ మూరెడు గోడ సంగతి తెలియజేసెను. రొట్టె తినవచ్చును, పెండ్లి చేసికొనవచ్చును, ఇంటికి సున్నము వేయవచ్చును. ఆ మూరెడు మట్టుకు విడువవలెను.

ఊరు ఎందుకు కూలినది?

ఈ ప్రశ్నకు మన ప్రసంగములలో ఒక జవాబు సిద్ధముగా ఉన్నది. లూకా 19:41-44 చదివి, యూదులు ప్రభువును ఎరుగనందున శిక్ష వచ్చెనని చెప్పుదుము. కాని ప్రభువు ఆ మాటలు ఏడ్చుచు పలికెను. ఆయన కన్నీళ్ళు విడిచిపెట్టి మాటలు మాత్రము తీసికొని సంఘము శతాబ్దములపాటు ఆ జనమును ఎగతాళి చేసెను, హింసించెను. యూదులు తమ్మునుగూర్చి తామే ఏమి చెప్పుకొనిరో వినుట మంచిది. రెండవ దేవాలయపు కాలములో జనులు ధర్మశాస్త్రము చదివిరి, దానధర్మములు చేసిరి, అయినను నిష్కారణ ద్వేషమువలన ఊరు నశించెనని తల్మూదు చెప్పుచున్నది. దానికి సాక్ష్యముగా ఒక విందు కథ చెప్పుదురు.

యెరూషలేములో ఒకనికి కమ్సా అను స్నేహితుడును, బర్ కమ్సా అను శత్రువును ఉండిరి. విందు చేసి కమ్సాను పిలువుమని దాసుని పంపెను. దాసుడు పొరబడి బర్ కమ్సాను పిలిచెను. ఇంటివాడు వచ్చి శత్రువు కూర్చుండుట చూచి లెమ్మనెను. వచ్చితిని గదా, నలుగురిలో సిగ్గుపరచకుము, నేను తిన్నదానికి వెల ఇచ్చెదనని అతడు బ్రతిమాలెను. వద్దనెను. విందు ఖర్చులో సగమిచ్చెదననెను. వద్దనెను. ఖర్చంతయు ఇచ్చెదననెను. చేయి పట్టి బయటికి గెంటెను. పండితులు ఆ పంక్తిలోనే కూర్చుండి మాటలాడక చూచుచుండిరి. వారు ఒప్పుకొనినట్లే గదా అని బర్ కమ్సా కక్ష పెంచుకొని, యూదులు తిరుగబడుచున్నారని కైసరునొద్ద కొండెము చెప్పెను. కైసరు పంపిన బలిపశువుకు దారిలో తానే మచ్చ కలుగజేసెను. మచ్చగల పశువును అర్పించవచ్చునా కూడదా అని ఇక్కడి పెద్దలు తర్జనభర్జన పడి చివరకు త్రోసివేసిరి. అక్కడనుండి యుద్ధము వచ్చెనని కథ.

రోమీయుల బలము, పన్నులు, తిరుగుబాటు, ఇవన్నియు వారికి తెలియనివి కావు. అయినను తమ పిల్లలకు చెప్పుటకు వారు ఏరుకొన్నది ఈ విందు కథను. విందుకు పిలుపు విషయమై రెండు వర్గములైన ఊళ్ళు మన చుట్టును తక్కువ కావు. గెంటినవానికంటె కూర్చుండి చూచిన పండితులే నన్ను ఎక్కువ కలవరపెట్టుదురు.

పైనున్నదియు క్రిందనున్నదియు

హెబ్రీ భాషలో యెరూషలేము పేరు జంటలను తెలుపు ప్రత్యయముతో ముగియును. కన్నులు, చేతులు అను మాటలవలె. అందువలన యెరూషలేములు రెండు, ఒకటి పైన, ఒకటి క్రింద అని రబ్బీలు చెప్పిరి. పైనున్న యెరూషలేము మనకును తెలిసినదే. గలతీయులకు 4:26లోను, హెబ్రీయులకు 12:22లోను అపొస్తలిక బోధ దానినిగూర్చినదే. అయితే రబ్బీ యోహానాను చేసిన వ్యాఖ్యానము మన అలవాటుకు ఎదురు నడచును. క్రిందనున్న యెరూషలేములో ప్రవేశించువరకు తాను పైనున్న యెరూషలేములో ప్రవేశింపనని దేవుడు నిశ్చయించుకొనెనట. మనము క్రిందిదానిని దాటి పైదానికి పోవ చూచుదుము. వారి దేవుడు క్రిందిదాని కొరకు పైదాని గుమ్మమున నిలిచియున్నాడు. సిద్ధాంతమునుబట్టి మనము ఈ మాటను అంగీకరింపకపోవచ్చును. అయినను ప్రకటన 21వ అధ్యాయములోని క్రొత్త యెరూషలేము కూడ పైకి పోవుట లేదు, క్రిందికి దిగి వచ్చుచున్నది.

నలుగురు రబ్బీలు పాడైన పట్టణమును చూడబోయిన కథ ఇక్కడ చెప్పవలెను. అతిపరిశుద్ధ స్థలమున్న చోటనుండి ఒక నక్క బయటికి వచ్చుట చూచి ముగ్గురు ఏడ్చిరి. అకీబా నవ్వెను. ఎందుకని అడుగగా, సీయోను దున్నబడునని మీకా 3:12లో చెప్పబడినది నెరవేరుట కన్నులార చూచితిమి గనుక, జెకర్యా 8:4-5లో ఉన్నదియు నెరవేరునని తెలిసినదనెను. అక్కడ ఏమున్నది? చేతికఱ్ఱలు పట్టుకొనిన ముసలివారు, ముసలమ్మలు వీధులలో కూర్చుండుట, మగపిల్లలు ఆడపిల్లలు వీధులలో ఆడుకొనుట. దేవదూతలు గాని బంగారము గాని లేదు. సాయంకాలము మన పల్లె రచ్చబండ దగ్గర కనబడునదే.

1948 యుద్ధములో పట్టణము రెండుగా చీలెను. పాతపట్టణము యోర్దాను దేశపు చేతిలో ఉండెను. అప్పటినుండి 1967 జూన్ వరకు యూదులు పడమటి గోడయొద్దకు పోలేకపోయిరి. మన ప్రాంతపు యాత్రికులు ఫోటో దిగి వచ్చునది ఈ గోడయొద్దనే. అది దేవాలయపు గోడ కాదు, కొండకు ఆనుకొని హేరోదు కట్టించిన ప్రాకారపు గోడ. పైన ముస్లిములకు పరిశుద్ధమైన అల్ అక్సా మసీదు, ఏడవ శతాబ్దము చివర కట్టబడిన బండపై గుమ్మటము ఉన్నవి. పాలస్తీనీయులు కూడ తమ రాజధాని అని కోరుచున్న ఊరది. ఆ వ్యాజ్యము ఇంకను తీరలేదు.

1967లో ఇశ్రాయేలు సైన్యము ఆ కొండను పట్టుకొనిన తరువాత వారి ప్రధాన రబ్బీలు చేసినదేమి? యూదులు పైకి ఎక్కరాదని బోర్డు పెట్టించిరి. దేవాలయము పోయినను ఆ స్థలపు పరిశుద్ధత పోలేదనియు, అది దేవుని సన్నిధిని బట్టి కలిగినది గనుక ఎన్నటికి పోదనియు మైమోనిదీసు తీర్పు. సంఖ్యాకాండము 19వ అధ్యాయములోని ఎఱ్ఱ పెయ్య బూడిద లేక నేడు ఎవరును శవసంబంధమైన అపవిత్రతనుండి శుద్ధులు కాలేరు. కొన్ని భాగములలో నడువవచ్చునని చెప్పు రబ్బీలు నేడు ఉన్నారు, ఎక్కువైయున్నారు కూడ. వాదము సాగుచున్నది.

ఆబు తొమ్మిదవ దినపు ప్రార్థనలోను ఇట్టి చిక్కే వచ్చినది. అందులో పట్టణము పాడై నిర్జనమై యున్నదని దేవునికి మొఱపెట్టుదురు. బస్సులు, బడులు, సంతలు నిండిన ఊరిలో నిలుచుండి ఆ మాటలు ఎట్లు పలుకుదుమని 1967 తరువాత కొందరు రబ్బీలు మాటలు సవరించిరి. పితరులు వ్రాసినదానిని మార్చుటకు ఇతరులు ఒప్పుకొనలేదు. పస్కా భోజనము ముగింపులో మాత్రము అందరు కలియుదురు. లోకములో ఎక్కడనున్నను, వచ్చు సంవత్సరము యెరూషలేములో ఉందుముగాక అని కోరుకొందురు. యెరూషలేములోనే కాపురమున్నవారును ఆ కోరికను విడువరు. ఊరి పేరుకు ముందు ఒక్క మాట చేర్చుకొందురు: మరల కట్టబడిన.